సంతకం దగ్గర ఆగిపోవద్దు
(ట్రస్టు స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకు ఉద్యోగాల పరీక్షల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను పిలిచారు. నేను ఆ పరీక్ష రాసి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటి పరీక్షల సంగతి ఈ పిల్లలకే నాకంటే బాగా తెలుసు. అందుచేత వారి అనుమతితో మరొక విషయం ఎత్తుకుంటున్నాను. అమెరికాలోని ఒక నల్లజాతి ఉపాధ్యాయురాలి గురించి చెబుతాను. ఆమె పేరు సెప్టిమా క్లార్క్. మార్టిన్ లూథర్ కింగ్ పేరు మీరు పాఠాల్లో చదివి ఉంటారు. రోజా పార్క్స్ పేరు కూడా కొందరు విని ఉంటారు. వారిద్దరూ గౌరవించిన ఈ తల్లి పేరు మాత్రం మనదాకా రాలేదు. టీచరుగా పనిచేస్తున్న మా అమ్మాయి తెచ్చి ఇచ్చిన పుస్తకాల వల్ల నాకు ఈ సంగతులు తెలిశాయి.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నేను బి.కాం. పూర్తిచేసి 1981లో బ్యాంకులో క్లర్కుగా చేరాను. 2018లో రిటైరయ్యేదాకా ఎక్కువ కాలం మన సోలాపూరు శాఖల్లోనే పనిచేశాను. మా నాన్నగారు మగ్గం కార్మికులు. మా అమ్మ బీడీలు చుట్టేది. మీలో చాలామంది ఇంటి కథ కూడా ఇదే. నా కౌంటరు దగ్గర ఎప్పుడూ ఒక ఇంకు ప్యాడ్ ఉండేది. పి.ఎఫ్. డబ్బు కోసం, పింఛను కోసం వచ్చిన మన ఆడవాళ్ళు బొటనవేలు అద్ది, ఫారం మీద ముద్ర వేసి, ఆ వేలును పక్క గోడకు తుడుచుకుని వెళ్ళేవాళ్ళు. ఏటా సున్నం వేసినా ఆ గోడ మళ్ళీ నీలంగా మారేది. ఆ గోడను నేను అన్నేళ్ళు చూశాను గాని, దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సెప్టిమా క్లార్క్ కథ చదివాక ఆలోచించాను.

ఆమె 1898 మే 3న సౌత్ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్ నగరంలో పుట్టారు. తండ్రి బానిసగా పుట్టినవాడు. తల్లి బట్టలు ఉతికి సంసారం నడిపిన మనిషి. 1916లో ఎవరీ నార్మల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు పూర్తయింది. పై చదువుకు ఫిస్క్ యూనివర్సిటీకి వెళ్ళాలని ఉన్నా ఇంట్లో డబ్బు లేదు. ఈ హాలులో కూర్చున్న తల్లిదండ్రులకు ఆ మాట వివరించనక్కరలేదు. ఆమె ఉద్యోగం వెతుక్కున్నారు. ఆ రోజుల్లో చార్లెస్టన్ నగరపు ప్రభుత్వ బడుల్లో, నల్లపిల్లలు చదివే బడుల్లో కూడా, నల్లజాతి టీచర్లను తీసుకునేవారు కాదు. అందువల్ల పద్ధెనిమిదేళ్ళ వయసులో జాన్స్ ఐలాండ్ అనే లంకకు వెళ్ళి అక్కడి బడిలో చేరారు. 132 మంది పిల్లలకు ఇద్దరే టీచర్లు. ఈమె జీతం 35 డాలర్లు. అక్కడికి దగ్గరలోనే ఉన్న తెల్లపిల్లల బడిలో ముగ్గురే విద్యార్థులు, ఆ టీచరు జీతం 85 డాలర్లు. లెక్కలు తెలిసిన పిల్లలు ఒక్కొక్క విద్యార్థికి ఎంత ఖర్చయిందో ఇంటికి వెళ్ళి వేసి చూడండి. అప్పుడు అన్యాయం అనే మాటకు అర్థం అంకెల్లో కనిపిస్తుంది.

1919లో ఆమె చార్లెస్టన్‌కు తిరిగివచ్చి, నల్లజాతి హక్కుల సంస్థ అయిన ఎన్.ఎ.ఎ.సి.పి.లో సభ్యురాలయ్యారు. నగర బడుల్లో నల్లజాతి టీచర్లను నియమించాలని ఆ సంస్థ మహజరు తయారుచేసింది. సెప్టిమా ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించారు. అందరి కృషితో పదివేలకు పైగా సంతకాలయ్యాయి. మరుసటి ఏడాది, 1920లో, ఆ నిషేధం తొలగిపోయింది. ఒక సాధారణ మనిషి చేతిరాతకు ప్రభుత్వాన్ని కదిలించే బలం ఉంటుందని ఆమె అప్పుడే తెలుసుకున్నారు.

వ్యక్తిగతంగా ఆమె సుఖపడింది లేదు. మొదటి బిడ్డ పసికందుగానే పోయింది. 1925లో భర్త మరణించాడు. కొడుకును అత్తమామల దగ్గర ఉంచి, కొలంబియా నగరంలో ఉద్యోగం చేస్తూ చదువు కొనసాగించారు. 1942లో బి.ఏ., 1946లో ఎం.ఏ. సంపాదించారు. బి.ఏ. అందుకునేనాటికి ఆమె వయసు 44 ఏళ్ళు. వయసు మించిపోయిందని ఇంట్లో కూర్చున్న తల్లులు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి. తెల్ల టీచర్లతో సమానంగా జీతం కావాలని 1945లో కొలంబియాలో నడిచిన కోర్టు వ్యాజ్యంలోనూ ఆమె పాలుపంచుకున్నారు. ఆ వ్యాజ్యం గెలిచింది.

ఇక అసలు విషయానికి వస్తాను. 1895 నాటి సౌత్ కరోలినా రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలోని ఏదైనా ఒక భాగాన్ని చదివి, రాసి చూపించాలి. లేదా 300 డాలర్ల విలువైన ఆస్తి ఉండి దానికి పన్ను కట్టి ఉండాలి. ఏ భాగం చదివించాలో, చదివింది సరిపోయిందో లేదో తేల్చేది నమోదు అధికారి. ఆ అధికారి తెల్లవాడు. నల్లవాళ్ళకు సరైన బడులు పెట్టకుండా ఉంచి, చదువు రాదని ఓటు నిరాకరించటం ఈ ఏర్పాటులోని కిటుకు. పేపరు మీద కులం, రంగు అనే మాట ఎక్కడా ఉండదు. ఫలితం మాత్రం ఒకే రంగువాళ్ళ మీద పడుతుంది.

1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో తెలుపు, నలుపు వేర్పాటు చెల్లదని తీర్పు ఇచ్చింది. దానికి కోపగించిన సౌత్ కరోలినా శాసనసభ 1956లో ఒక చట్టం చేసింది. ఎన్.ఎ.ఎ.సి.పి. సభ్యులు ప్రభుత్వోద్యోగాల్లో ఉండరాదు అని దాని సారాంశం. సభ్యత్వం దాచిపెట్టి ఉద్యోగం కాపాడుకునే వీలుంది. సెప్టిమా దాచలేదు. నలభై ఏళ్ళ సర్వీసు చేసిన టీచరును తీసివేశారు. పింఛను కూడా పోయింది. నేను పింఛను తీసుకుంటున్న మనిషిని. ప్రతినెలా ఒకటో తారీఖున ఆ జమ చూసుకున్నప్పుడల్లా, యాభై ఎనిమిదేళ్ళ వయసులో అది పోగొట్టుకున్న ఆమె ధైర్యం ఎంతటిదో నాకు కొంత అర్థమవుతుంది.

ఆమె 700 మందికి పైగా నల్లజాతి టీచర్లకు ఉత్తరాలు రాశారు, కలసి ఎదిరిద్దాం రమ్మని. 26 మంది జవాబిచ్చారు. అధికారి దగ్గరకు వెళ్ళే రోజున వచ్చినవాళ్ళు ఐదుగురు. తన జీవితంలోని వైఫల్యాల్లో ఇది ఒకటని ఆమె తరువాత ఒప్పుకున్నారు. రానివాళ్ళను ఆమె తిట్టలేదు. సిద్ధంగా లేని మనుషులను ముందుకు తోశాను, ముందు వారిని సిద్ధం చేయవలసింది అని తనను తాను తప్పుపట్టుకున్నారు. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే. మనం సంఘాల్లో పనిచేస్తాం. మీటింగుకు ఎవరూ రాలేదని జనాన్ని నిందిస్తాం. ఎందుకు రాలేదని మనల్ని మనం అడగం.

ఉద్యోగం పోయిన ఆమెను టెనెసీ రాష్ట్రంలోని హైలాండర్ ఫోక్ స్కూల్ పనిలోకి తీసుకుంది. మైల్స్ హార్టన్ అనే తెల్లజాతి పెద్దమనిషి 1932లో ప్రారంభించిన శిక్షణ కేంద్రం అది. తెల్లవారు, నల్లవారు ఒకే బల్ల దగ్గర భోజనం చేసిన అరుదైన చోటు. 1955 వేసవిలో సెప్టిమా నడిపిన శిక్షణ తరగతికి మాంట్‌గోమరీ నుంచి ఒక కుట్టుపని చేసే స్త్రీ వచ్చి కూర్చున్నారు. ఆమే రోజా పార్క్స్. ఆ డిసెంబరులోనే ఆమె బస్సులో సీటు ఖాళీ చేయనని కూర్చుని అరెస్టయ్యారు. ఆ తరువాతి బస్సు బహిష్కరణ ఉద్యమం చరిత్రకెక్కింది.

సెప్టిమా చేసిన అతిపెద్ద పని మాత్రం మళ్ళీ జాన్స్ ఐలాండ్‌లోనే మొదలయింది. అక్కడ ఈసా జెన్‌కిన్స్ అనే ఆయన ద్వీపం నుంచి నగరానికి పనివాళ్ళను తన బస్సులో తీసుకువెళ్ళేవాడు. ఆ బస్సులోనే వాళ్ళకు రాజ్యాంగంలోని భాగాలు చెప్పేవాడు. ఒక స్త్రీ ఆ భాగాన్ని కంఠతా పట్టింది గాని, నాకు నిజంగా చదవటమే రావాలి అని అడిగింది. దాంతో 1957 జనవరి 7న మొదటి పౌరసత్వ పాఠశాల తెరిచారు. ముందు గది కిరాణా దుకాణం, వెనక గదులు బడి. దుకాణం ఉండటం వల్ల తెల్లవాళ్ళకు అనుమానం రాలేదు. మొదటి రాత్రి 14 మంది పెద్దవాళ్ళు వచ్చారు.

టీచరుగా ఎవరిని పెట్టారో గమనించండి. సెప్టిమా దగ్గరి బంధువు బెర్నీస్ రాబిన్సన్. జుట్టు అలంకరణ, కుట్టుపని ఆమె జీవనాధారం. టీచరు ట్రైనింగు లేదు. నాకూ పాఠం చెప్పటం తెలియదు, మనం కలసి నేర్చుకుందాం అని ఆమె మొదటి రోజే చెప్పింది. మీకేం కావాలని అడిగింది. మా పేరు రాయటం రావాలి, మనియార్డరు ఫారం నింపటం రావాలి, ఓటుకు కావలసిన రాజ్యాంగ భాగం చదవటం రావాలి అన్నారు వాళ్ళు. పాఠ్యప్రణాళిక అదే అయింది. అట్టముక్కల మీద పేర్లు రాసి ఇచ్చి, వాటి మీద మళ్ళీ మళ్ళీ పెన్సిలు తిప్పించారు. పొలంలో పారపట్టిన చేతులు గట్టిగా నొక్కితే పెన్సిళ్ళు విరిగేవి. కొన్ని వారాల తరువాత ఒక వృద్ధురాలు నల్లబల్ల మీద రాసిన పేర్లలో తన పేరు గుర్తుపట్టి చూపించినప్పుడు తనకు ఒళ్ళు గగుర్పొడిచిందని బెర్నీస్ చెప్పుకున్నారు.

ఆ బడులు పక్క లంకలకు, తరువాత పక్క రాష్ట్రాలకు పాకాయి. 1959లో పోలీసులు హైలాండర్ మీద దాడిచేసి సెప్టిమాను మద్యం ఉంచుకున్నారనే నేరం మోపి అరెస్టు చేశారు. ఆ కేసు నిలవలేదు. అయినా 1961లో ప్రభుత్వం ఆ స్కూలును మూయించింది. అప్పటికే ఈ కార్యక్రమాన్ని మార్టిన్ లూథర్ కింగ్ గారి సంస్థ స్వీకరించే ఏర్పాటు జరిగింది. జార్జియాలోని డార్చెస్టర్ కేంద్రంలో సెప్టిమా, డరొతీ కాటన్, ఆండ్రూ యంగ్ కలసి ఊరూరి నుంచి వచ్చినవారికి శిక్షణ ఇచ్చారు. శిక్షణ పొందినవారు తమ ఊళ్ళకు వెళ్ళి వంటిళ్ళలో, చర్చిల్లో, చెట్లకింద బడులు పెట్టారు. మిసిసిపిలో పత్తి తోటల కూలి అయిన ఫేనీ లూ హేమర్ కూడా ఇక్కడ నేర్చుకున్నవారే. 1964లో దేశమంతా టీవీలో చూస్తుండగా తన ఓటు హక్కు కోసం ఆమె మాట్లాడారు. 1965 ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది. చదువు పరీక్ష పెట్టి ఓటు నిరాకరించే పద్ధతి దక్షిణాదిలో ఆగిపోయింది.

కింగ్ గారి సంస్థ కార్యవర్గంలో ఆమె మొదటి మహిళ. అక్కడి మగవారు ఆడవాళ్ళ మాట వినేవారు కాదని ఆమె దాపరికం లేకుండా రాశారు. ఈవిడ కార్యవర్గంలో ఎందుకున్నారని ఒక నాయకుడు పదేపదే అడిగితే కింగ్ గారే జవాబు చెప్పవలసి వచ్చిందట. ప్రతి ఊరేగింపుకూ మీరే ముందు నడవకండి, ఊరూరా నాయకులను తయారుచేయండి అని ఆమె కింగ్ గారికే ఉత్తరం రాశారు. దాన్ని చదివి సిబ్బంది నవ్వారు. వారు నవ్వినా, ఆమె చెప్పిన పని అప్పటికే ఆమె బడుల్లో జరుగుతూనే ఉంది.

ఇప్పుడు మీలో ఎవరికైనా ఒక సందేహం రావచ్చు. చట్టమే చదువు పరీక్షను రద్దు చేసినప్పుడు ఇంకా ఆ బడుల అవసరం ఏముంది? మన దేశాన్నే చూడండి. బ్రిటిష్ కాలంలో ఓటు ఆస్తికి, పన్నుకు, చదువుకు ముడిపడి ఉండేది. 1950లో మన రాజ్యాంగం ఆ ముడి విప్పేసి వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. 1951-52 ఎన్నికల్లో చదువురాని కోట్లమంది గుర్తులు చూసి ఓటు వేశారు. అది మన పెద్దలు చేసిన గొప్ప పని. మరి చదువుతో పనేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు నాకు మా ఇంట్లోనే దొరికింది. అది చెప్పటానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన దగ్గర నుంచి మా అమ్మ ఫారాలన్నీ నేనే నింపేవాణ్ణి. ఆమె వేలిముద్ర వేసేది. ఇరవై రెండేళ్ళు అలా గడిచాయి. 2004 వేసవి సెలవుల్లో ఏడో తరగతి పూర్తయిన మా అమ్మాయి, నానమ్మకు పేరు రాయటం నేర్పుతానని పలక పట్టుకు కూర్చుంది. తను చదివేది మరాఠీ మీడియం. నానమ్మకు తెలుగులో కావాలి. అందుకని తను కూడా నా దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుని, వాటినే నానమ్మకు నేర్పింది. రెండు నెలలు పట్టింది. అమ్మకు అప్పటికి డెబ్బై దగ్గర పడుతున్నాయి. బ్యాంకులో తెలుగు సంతకం చెల్లుతుంది. మొదటిసారి సంతకం చేసిన రోజు ఇంటికి వచ్చి నన్ను ఒకటే మాట అడిగింది. "ఇన్నేండ్ల సంది నువ్వెందుకు నేర్పలేదురా?" నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మేము స్వీట్లు పంచి, సంతకం వచ్చేసిందని పలక అటక మీద పెట్టేశాం. రెండేళ్ళ తరువాత ఒక బంధువు ఒక ప్రైవేటు ఫైనాన్సులో అప్పు తీసుకుంటూ అమ్మ చేత కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. అది జామీను కాగితం. అతను కట్టలేదు. నోటీసు మా ఇంటికి వచ్చింది. పదకొండు వాయిదాలు మేము కట్టాం. వేలిముద్ర వేసే మనిషి అయితే కాగితంలో ఏముందో చదివి చెప్పాలని, సాక్షి ఉండాలని ఒక పద్ధతి ఉంది. సంతకం చేసే మనిషికి ఎవరూ చదివి చెప్పరు. చదువుకున్నవాళ్ళ కింద లెక్క. అంటే మేము నేర్పిన సంతకం ఆమెకున్న చిన్న రక్షణను తీసేసింది, దాని బదులు చదవటం ఇవ్వలేదు. బ్యాంకు క్లర్కు ఇంట్లో జరిగిన పని ఇది.

సెప్టిమా ఈ పొరపాటు చేయలేదు. ఆమె బడుల్లో సంతకం మొదటి మెట్టు మాత్రమే. దాని తరువాత రాజ్యాంగం చదవటం, చెక్కు రాయటం, ప్రభుత్వ ఫారాలు నింపటం, ఏ పనికి ఏ అధికారిని అడగాలో తెలుసుకోవటం నేర్పారు. అందుకే చట్టం మారాక కూడా ఆమె పని ఆగలేదు. కొత్తగా ఓటు వచ్చినవాళ్ళు ఆ ఓటుతో రోడ్డు, బడి, ఆసుపత్రి అడగటం నేర్చుకోవాలి గదా. ఆమె వదిలివెళ్ళిన రాజకీయ వారసత్వం నా దృష్టిలో ఇదే. ఆమె పార్టీ పెట్టలేదు, పెద్ద పదవి కోరలేదు. పేరు తెలియని వేలమంది తమ ఊరి సంగతి తామే మాట్లాడుకునేలా చేశారు.

1970లో ఆమె ఆ సంస్థ నుంచి రిటైరయ్యారు. 1975లో, తనను ఉద్యోగం నుంచి తీసేసిన చార్లెస్టన్‌లోనే, విద్యా బోర్డు సభ్యురాలిగా ఎన్నికయ్యారు. ఓటు వేసినవారిలో ఎందరు ఆమె బడుల వల్ల ఓటర్లయ్యారో ఊహించుకోండి. 1976లో గవర్నరు ఆమె పింఛను పునరుద్ధరించారు. రావలసిన పాత బకాయి 1981లో గాని మంజూరు కాలేదు. అంటే పాతికేళ్ళు. 1987 డిసెంబరు 15న ఆమె కన్నుమూశారు.

విద్యార్థులకు నా మనవి ఒకటే. ఈ రోజు మీరు అందుకునే చెక్కు వెనక చాలామంది మగ్గం కార్మికుల, బీడీ కార్మికుల చందాలున్నాయి. వారిలో కొందరు రసీదు పుస్తకంలో వేలిముద్ర వేసి ఇచ్చారు. ఆ పుస్తకం నేను చూశాను. ఈ సంవత్సరంలో మీరు ఒక్కొక్కరు ఒక్క పెద్దమనిషికి చదవటం నేర్పండి. నానమ్మ కావచ్చు, పక్కింటి అత్తమ్మ కావచ్చు. తెలుగులో నేర్పుతారో మరాఠీలో నేర్పుతారో వారినే అడగండి. ముందు పేరు, తరువాత రేషను కార్డు, కరెంటు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకం. సంతకం వచ్చిన రోజున పలక అటక ఎక్కించకండి.

తల్లులకు ఒక మాట. మీకు రాదని పిల్లల ముందు సిగ్గుపడకండి. బెర్నీస్ రాబిన్సన్ మొదటి రోజు చెప్పిన మాటే మీరూ మీ పిల్లలతో చెప్పండి, కలసి నేర్చుకుందామని. మరొక మాట, చదవని కాగితం మీద సంతకం చేయకండి. అడిగినవాడు ఎంత దగ్గరవాడైనా సరే, రేపు చేస్తానని చెప్పి ఇంట్లో చదివించుకోండి.

మా అమ్మ చివరిదాకా తన పేరు తప్ప మరేమీ చదవలేకపోయింది. ఆ బాకీ నా ఖాతాలో అలాగే ఉంది. మా వీధిలోని నలుగురు ఆడవాళ్ళకు ఇప్పుడు సాయంత్రం పూట మా వరండాలో పాఠం చెబుతున్నాను. పోయినవారం వారిలో ఒకామె కరెంటు బిల్లు మీది అంకె తానే చదివి, ఎక్కువ వేశారని ఆఫీసుకు వెళ్ళి అడిగివచ్చింది. ఎవరైనా రాదలచుకుంటే మా ఇంటి తలుపు తీసే ఉంటుంది.